తీగల కొసన దారాలు

శనివారం పొద్దున బజారు సంచీ వంటింటి గుమ్మంలో దించి, నన్నే సాహెబ్ కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. కోడలు మునీరా సంచీ బోర్లించి చూసి నిట్టూర్చింది. కిలో టమాటాల్లో సగం పచ్చివే. పప్పులోకి పనికొచ్చేవి పక్కన పెట్టి, మిగిలినవి బియ్యం డబ్బాలో మగ్గేసింది. ఈ రెండు నెలల్లో ఇది నాలుగోసారి. అంతకుముందు బజారుకు అత్తగారు గుల్షన్ వెళ్ళేది. తాడేపల్లిగూడెంలో ఆడపడుచు అర్షియాకి నెలలు నిండుతున్నాయి, డాక్టరు మంచం దిగవద్దన్నారు. అందుకని గుల్షన్ వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటోంది. నిన్న సాయంత్రం కూడా ప్యాసింజరెక్కి వెళ్ళింది.

"మావయ్యగారికి చూపు ఆనడం లేదేమోనండీ," అంది మునీరా, భర్తకి టీ గ్లాసు అందిస్తూ.

"చూపుకేం? వీధి చివర బస్సు బోర్డు ఇక్కణ్ణించే చదువుతారు," అన్నాడు అక్రమ్. "వయసు మీద పడింది. పని మీద ధ్యాస ఉండట్లేదు."

ఆ మాటలో విసుగుకంటే దిగులే ఎక్కువుందని ఆమెకు తెలుసు. ఏలూరు తంగెళ్ళమూడిలో వాళ్ళ ఇంటి ముందుగదే నన్నే సాహెబ్ కొట్టు. ముప్ఫై ఆరేళ్ళుగా లారీలకీ ట్రాక్టర్లకీ ఆటోలకీ వైరింగు చేస్తున్నాడు. ఏనాడూ ఎవరిచేతా మాట పడలేదు. అలాంటిది ఈ రెండు నెలల్లోనే రెండు పనులు చెడ్డాయి. ఒక ఆటోకి హారన్ నొక్కితే ఇండికేటర్ వెలిగింది. ఒక ట్రాక్టరుకి డైనమో తీగలు తారుమారయ్యాయి. ఆటోస్టాండులో నవ్వుకున్నారు. ఆ నవ్వు అక్రమ్ చెవిన పడింది. ఇక కొట్టు మూసేసి ఇంటిపట్టున ఉండమని తండ్రికి చెప్పాడు.

మూసేస్తే ఆ గది మునీరాకి వస్తుంది. ఆమెది జంగారెడ్డిగూడెం. తండ్రి పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసేవాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది తనొక్కతే. ఇప్పుడు ఎనిమిది మంది పిల్లలకి వసారాలో లెక్కలు చెబుతోంది. వాన పడితే పుస్తకాలు తడుస్తాయి. ముందుగదిలో బల్లలు వేసుకుని ట్యూషన్ పెట్టుకోవచ్చన్న మాట అక్రమే అన్నాడు, ఆమె అడగలేదు. కాకపోతే వద్దని కూడా అనలేదు. అనలేదన్నదే లోపల ముల్లులా కదులుతూ ఉండేది.

ఆమెను అంతకంటే నిలవనీయనిది జీపు. అక్రమ్ కొల్లేరు వైపు నిత్యానందం గారి చేపల చెరువులు చూస్తాడు. తెల్లారగట్ల నీటిలో గాలి తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకి మనిషి గట్టు మీద ఉండాలి, ఇంజను వేసి నీళ్ళు కొట్టించాలి. బురదగట్ల మీద మామూలు బండి దిగబడుతుందని నిత్యానందం గారు నాలుగు చక్రాలూ లాగే పాత జీపొకటి కొని అతని చేతికిచ్చారు. పుష్యమాసపు మంచులో ఆ జీపుకున్న రెండు దీపాలూ మిణుగురులే. మొన్న మంగళవారం ఆగడాలలంక దారిలో మలుపు కనపడక ముందు చక్రం గట్టు దాటి గాల్లో నిలిచింది. ఆ సంగతి అక్రమ్ నవ్వుతూ చెప్పాడు. మునీరా నవ్వలేదు. ఆ రోజునుంచి అతను వెళ్ళాక ఆమె పడుకోవడం మానేసింది. వంటింట్లోకీ వీధి గుమ్మంలోకీ తిరుగుతూ, జీపు చప్పుడు వినపడేదాకా ఏ పనీ చేతపట్టలేకపోయేది. అదనంగా లైట్లు వేయించాల్సిందేనని పట్టుబట్టింది ఆమే.

అక్రమ్ బస్టాండు దగ్గర పెద్ద షాపులో వేయిస్తానన్నాడు. పక్కనే అన్నం తింటున్న నన్నే సాహెబ్ చెయ్యి ఆపాడు.

"ఇంట్లో మేస్త్రీని పెట్టుకుని బజారుకెందుకురా? నేను బిగిస్తాను. ఆదివారం మధ్యాహ్నానికి సరిగ్గా వెలిగితే కొట్టు మాట మళ్ళీ ఎత్తొద్దు. వెలగలేదో, తాళంచెవి నేనే తీసిస్తాను."

తండ్రీకొడుకుల మధ్య ఒప్పందం అలా కుదిరింది. లైట్ల దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. అక్రమ్ కి జీపు నెత్తి మీద తెల్లటి పెద్ద లైట్లు కావాలి. పైన పెడితే వెలుగంతా మంచు మీద పడి తిరిగి నీ కళ్ళలోకే కొడుతుందని, పసుపు లైట్లు బంపరుకి కిందగా పెడితే మంచు అడుగునుంచి దారి కనపడుతుందని తండ్రి వాదించి గెలిచాడు.

శనివారమంతా ఆయన జీపు కిందే ఉన్నాడు. కొల్లేరు నీళ్ళకి తుప్పుపట్టిన రేకుని నమ్మకూడదని, ఎర్తు తీగని కూడా బ్యాటరీ దాకా లాక్కొచ్చాడు. లైట్ల వైపు పని సాయంత్రానికి పూర్తయింది. బానెట్ కింద బ్యాటరీ దగ్గర కలపాల్సిన నాలుగు కొసలు మిగిలాయి. ఎరుపు, బ్రౌను, ఆకుపచ్చ, పసుపు. రేపు పొద్దున పది నిమిషాల పని అని ఆయన మగ్రిబ్ నమాజుకి మసీదుకు వెళ్ళాడు.

జీపు మీద పట్టా కప్పడానికి వెళ్ళిన మునీరాకి ఆ కొసలకు కట్టిన దారాలు కనపడ్డాయి. పూలు కట్టే తెల్ల దారం, గ్రీజు అంటుకుని నల్లబడింది. మూడు తీగలకి ఉన్నాయి, పసుపు దానికి లేదు. దారానికి ముళ్ళు. గురువారం మధ్యాహ్నం కొట్టు గుమ్మంలో కూర్చుని అత్తగారు కట్టినవివే. అప్పుడామె పెదవులు కదులుతుండడం మునీరా చూసింది, ఏదో చదివి ముడి వేస్తోందనుకుంది. జంగారెడ్డిగూడెంలో వాళ్ళ నానమ్మ కూడా దర్గానుంచి ఇలాంటి ముడిదారాలే తెచ్చి గేదె మెడకీ, కొత్త సైకిలు హ్యాండిలుకీ కట్టేది. కాలేజీలో చేరాక మునీరా ఆ దారాల గురించి నానమ్మతో పోట్లాడింది కూడా.

పొద్దున నిత్యానందం గారు జీపు చూడ్డానికి వస్తారు. యంత్రానికి తాయెత్తు కట్టారని ఆయన చూస్తే అక్రమ్ కి చిన్నతనం. మునీరా బ్లేడు తెచ్చి దారాలు కోసేసింది. నాలుగు కొసలూ గుడ్డతో తుడిచి, నల్ల టేపు చుట్టి పొందిగ్గా కట్టిపెట్టింది. ఒక మంచి పని చేశాననే అనుకుంది.

ఆదివారం తొమ్మిదింటికి నిత్యానందం గారు వచ్చి వసారాలో కుర్చీలో కూర్చున్నారు. నన్నే సాహెబ్ బానెట్ ఎత్తి కొసలు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళతో తడిమాడు. టేపు ఊడదీసి మళ్ళీ తడిమాడు. టీ పట్టుకొచ్చిన మునీరాకి ఆయన మొహంలో ఒక్కసారిగా ఏదో ఆరిపోయినట్టనిపించింది.

"ఇవి ఎవరన్నా ముట్టుకున్నారా అమ్మా?" చాలా మెల్లగా అడిగాడు.

"నేనే మావయ్యా. దారాలు జిడ్డుగా ఉంటే తీసేసి టేపు చుట్టాను."

ఆయన ఏదో అనబోయాడు. వసారా వైపు చూసి ఆగాడు. "సరేనమ్మా," అని పనిముట్ల పెట్టెలో వెతకడం మొదలుపెట్టాడు. చేతులు పెట్టెలో ఉన్నాయిగానీ కళ్ళు కొడుకు మీదే ఉన్నాయి.

"సాహెబ్ గారూ, మా తోడల్లుడి పెళ్ళిచూపులు కూడా ఇంతసేపు పట్టలేదండి," అన్నారు నిత్యానందం గారు. ఆయనది వెటకారం కాదు, సరదా. కానీ అక్రమ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం వెతుకుతున్నారు నాన్నా?"

"టెస్ట్ లాంపు."

"దేనికి? ఎర్రది ప్లస్సుకి, బ్రౌనుది మైనస్సుకి. రంగులు కళ్ళెదురుగా కనపడుతున్నాయిగా. చిన్నపిల్లలు కూడా కలుపుతారు."

నన్నే సాహెబ్ పెట్టె మూత వేసేశాడు. కొసల దగ్గరికొచ్చి, ఒకదాన్ని పట్టుకుని, వదిలేసి, ఇంకోదాన్ని పట్టుకుని బ్యాటరీ ప్లస్సుకి తాకించాడు.

చిటపటమని పెద్ద మెరుపు లేచింది. తీగ బ్యాటరీకి అతుక్కుపోయింది. రెప్పపాటులో దాని పొడవునా పైతొడుగు ఉడికి, పక్క తీగలకీ అంటుకుని నల్లటి పొగ కమ్మింది. ఆయన వట్టి చేత్తో తీగ పట్టి లాగేశాడు. లాగాక చూస్తే రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. చేతిలో ఉన్నది బ్రౌను తీగ.

"జీపుదేముందండీ, ముందు చెయ్యి చూడండి," అంటూ నిత్యానందం గారు లేచారు. వెళ్ళేటప్పుడు మాత్రం అక్రమ్ ని గుమ్మం దాకా తీసుకెళ్ళి, రేపు తెల్లారగట్ల నాలుగు చెరువులు తిరగాలనీ, ఈ పూటే బయట ఎవరికైనా చూపించమనీ చెప్పారు. మెల్లగానే చెప్పారుగానీ అందరికీ వినపడింది.

అక్రమ్ వెనక్కొచ్చి బానెట్ దించేశాడు. నన్నే సాహెబ్ కాలిన చెయ్యి నీళ్ళ చెంబులో ముంచి, రెండో చేత్తో మేకుకున్న కొట్టు తాళంచెవి తీశాడు. దాన్ని కొడుక్కివ్వలేదు. మునీరా అరచేతిలో పెట్టాడు.

"నీ పిల్లలకి బల్లలు వేయించుకోమ్మా. గోడకి సున్నం కొట్టిస్తే వెలుతురు బాగుంటుంది."

తాళంచెవి చల్లగా ఉంది. ఆ చల్లదనం మోచేయి దాకా పాకింది మునీరాకి. రెండు నెలలుగా లోపల కోరుకున్నది చేతిలోకొచ్చాక, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు. ఆయన కొసలు తడిమిన తీరు కళ్ళముందు ఆడుతోంది. కళ్ళతో చూడాల్సినదాన్ని వేళ్ళతో ఎందుకు వెతికాడు?

వంటింట్లో భర్తని ఆపింది. "తప్పు నాదేమోనండీ. రాత్రి ఆ దారాలు తీసేశాను. అవి లేకే ఆయన తడబడ్డారు."

అక్రమ్ నవ్వాడు, చేదుగా. "తాయెత్తు తీస్తే తీగ కాలిందంటావా? బీయస్సీ చదివి నువ్వు కూడా మొదలెట్టావూ?"

అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మునీరా ఫోను దగ్గర కూర్చుని తాడేపల్లిగూడెం నంబరు తిప్పింది. గుల్షనే ఎత్తింది. తీగ కాలిందనీ, మావయ్య వేళ్ళు బొబ్బలెక్కాయనీ చెప్పింది. ఆవిడ ఒక్కటే అడిగింది.

"దారాలు ఎవరు తీశారు?"

మునీరాకి ఏడుపు ఆగలేదు. నేనే అత్తయ్యా అంది. అవి దర్గా దారాలనుకున్నానని చెప్పింది. గుల్షన్ తిట్టలేదు. వెక్కిళ్ళు తగ్గేదాకా ఆగి, అర్షియాకి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పింది.

పెళ్ళయిన కొత్తలో, పళ్ళెంలో పోసిన మిరపకాయల్లో పండువి ఏరమంటే ఆ మనిషి ఒక్కోటీ నొక్కి నొక్కి చూశాడట. తను నవ్వితే మొహం పక్కకు తిప్పుకున్నాడట. అప్పుడు తెలిసిందట, ఎరుపూ ఆకుపచ్చా బ్రౌనూ ఆయన కంటికి ఒకేలా ఉంటాయని. అప్పటికే వేరే మేస్త్రీ దగ్గర ఒక లారీ వైరింగు తగలబెట్టి, పని మానేసి రిక్షా తొక్కుదామనుకుంటున్నాడు. గుల్షన్ ఇంటి ముందుగదిలో సొంత కొట్టు పెట్టించి, మొదటి రోజునుంచే బియ్యం చేటతో దాని గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది. తీగలకి ముళ్ళు వేసేది. పని ఉన్న రోజు అక్కణ్ణించి లేచేది కాదు. ముప్ఫై ఆరేళ్ళు అలాగే గడిచాయి.

"రంగు తెలియని వాడికి వైరింగు పని ఎవరిస్తారమ్మా? అందుకే కడుపున పుట్టిన వాళ్ళకి కూడా చెప్పలేదు. మీ మావయ్య నోరు తెరవరు. నువ్వూ తెరవకు," అంది. కాసేపటికి మళ్ళీ తనే అంది. "ఎరుపుకొక ముడి. బ్రౌనుకి రెండు. ఆకుపచ్చకి మూడు. పసుపుకి అక్కర్లేదు."

పసుపుకి ఎందుకక్కర్లేదో అడగాలని కూడా మునీరాకి తోచలేదు. ఫోను పెట్టేసి లేచింది. అత్తగారి పెదవులు ఆ రోజు ఎందుకు కదిలాయో ఇప్పుడు తెలిసింది. ఆవిడ లెక్కపెట్టుకుంటోంది.

అక్రమ్ కి ఒక్క మాట చెబితే అంతా విడిపోతుంది. కొట్టు నిలబడుతుంది, తన మీద మాటా పోతుంది. కానీ ఆ మాట చెప్పే హక్కు తనది కాదు. మునీరా ఇంట్లో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. చివరికి కొట్టు తాళం తీసింది. కాలిన తీగల పొడవు చూసి, చుట్టల్లోంచి కొత్తవి నాలుగు కత్తిరించింది. పూలదారం ఉండ తెచ్చి, అత్తగారు కూర్చునే గుమ్మంలోనే కూర్చుని, రెండు వైపులా ముళ్ళు వేసింది. తన పెదవులూ కదులుతున్నాయని మధ్యలో గమనించింది.

సాయంకాలపు అసర్ నమాజు చేసుకుని వచ్చిన నన్నే సాహెబ్ కి కొట్టు తలుపులు తెరిచి కనపడ్డాయి. పనిముట్ల పెట్టె మీద నాలుగు తీగలు. ఒకటి తీసి కొస తడిమాడు. రెండోది తడిమాడు. మూడోది తడిమి, అలాగే బల్ల మీద కూర్చుండిపోయాడు.

"మీ అత్తయ్యతో మాట్లాడావా?"

"మాట్లాడానండీ."

"వాడికి చెప్పావా?"

"లేదు మావయ్యా."

ఆయన దారాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. "నీ ముడి గట్టిగా ఉందమ్మా. ఆవిడది కాస్త వదులు," అని లేచి చొక్కా చేతులు పైకి మడిచాడు.

కాలిన చేతికి గుడ్డ చుట్టుకునే పని చేశాడు. మునీరా లైటు పట్టుకుంది, పట్టుకారు అందించింది. ఏ ముడిది ఎక్కడికి వెళ్ళాలో ఆయన చెబుతుంటే, తీగలు ఒక్కొక్కటే తమ చోట కుదురుకున్నాయి. పొద్దు వాలుతుండగా అక్రమ్ తిరిగొచ్చాడు. బస్టాండు షాపు ఆదివారం మూత. జీపు ముందు తండ్రినీ భార్యనీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మళ్ళీ ఆ దారాలేనా? నాన్నా, ఇది నిత్యానందం గారి జీపు. ఇంకోసారి తగలబడితే నేనేం మొహం పెట్టుకుని..."

"ఇలా రా," అన్నాడు నన్నే సాహెబ్.

ఆ గొంతుకి అక్రమ్ చిన్నప్పటిలా దగ్గరికి వెళ్ళాడు. తండ్రి రెండు తీగలు పైకెత్తి పట్టుకున్నాడు. "ఇదే రంగు?"

"ఎరుపు."

"ఇది?"

"బ్రౌను. ఏంటి నాన్నా ఇది?"

"నాకు రెండూ ఒకటేరా. పుట్టినప్పట్నుంచీ అంతే. ఇన్నేళ్ళూ ఈ కొట్టులో చేతులు నావి, కళ్ళు మీ అమ్మవి." తీగలు కొడుకు చేతిలో పెట్టాడు. "చెప్పకుండానే పోదామనుకున్నాను. పొద్దున నీ పెళ్ళాం నీ చేత మాట పడడం వంటింట్లోంచి నాకు వినపడింది. మధ్యాహ్నానికి తనకి సంగతంతా తెలిసింది. అయినా నీకు చెప్పకుండా నా మాట దాచింది. పరాయి ఇంటినుంచి వచ్చిన పిల్ల నా కోసం మాట పడుతుంటే, నేను దాక్కుని కూర్చోవడం మర్యాద కాదు."

అక్రమ్ ఆ ముళ్ళని వేలితో తడిమాడు. పచ్చి టమాటాలు గుర్తొచ్చాయో, చెడిన రెండు పనులూ అమ్మ ఊళ్ళో లేని రోజులవేనని గుర్తొచ్చిందో, అతని కళ్ళు నిండాయి. అడిగింది మాత్రం వేరే మాట.

"ఏడో తరగతిలో నా ప్రోగ్రెస్ కార్డు... నాలుగు సబ్జెక్టుల కింద ఎర్రగీతలు. ఏమీ అనకుండా సంతకం పెట్టారు. నేను తప్పినా మీకు పట్టదనుకున్నాను నాన్నా. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను."

నన్నే సాహెబ్ ఆశ్చర్యంగా చూశాడు. "అవి ఎర్రగీతలా? బాగా వచ్చిన మార్కులకి గీత గీశారనుకున్నాన్రా. ఆ సాయంత్రం మీ అమ్మ చేత సేమ్యా కూడా చేయించాను."

అక్రమ్ నవ్వబోయాడు. అది నవ్వుగా బయటికి రాలేదు. తండ్రి కాలిన చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని, దాని మీద నుదురు ఆనించాడు. "రంగులు కళ్ళెదురుగా కనపడుతున్నాయిగా అన్నాను పొద్దున," అన్నాడు. నన్నే సాహెబ్ రెండో చేత్తో కొడుకు తల నిమిరి, గ్రీజు అంటుకుందని గుడ్డతో తుడిచాడు.

మునీరా లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చి మేకుకు తగిలించింది. ఎవరూ చూడలేదనుకుంది. ఆయన చూశాడు. సాయంత్రాలు తను ఎలాగూ మసీదు దగ్గర కూర్చుంటాననీ, ఐదింటినుంచి పిల్లల్ని కొట్టులోనే కూర్చోబెట్టుకోమనీ, బ్యాటరీల జోలికి మాత్రం పోనివ్వవద్దనీ అన్నాడు. పగలు పని వచ్చినప్పుడు కాసేపు గుమ్మంలో కూర్చోవాలి మరి, అని కూడా అన్నాడు. కూర్చుంటాను మావయ్యా అంది మునీరా.

సోమవారం తెల్లారగట్ల మంచు వీధిని మూసేసింది. ఎదురింటి గేటు కూడా కనపడటం లేదు. అక్రమ్ జీపెక్కి స్విచ్చి నొక్కాడు. బంపరు కింద రెండు లైట్లూ ఒక్కసారి వెలిగాయి. వెలుగు నేలబారుగా పరుచుకుని, మంచు అడుగునుంచి పాకుతూ, వీధి చివర మలుపు దాకా దారిని తెరిచింది.

జీపు కదిలింది. మునీరా, నన్నే సాహెబ్ గుమ్మంలో పక్కపక్కన నిలబడి చూశారు. మలుపు దగ్గర వెలుగు ఒకసారి గోడ మీద పడి తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆమె కాళ్ళు ఒకచోట నిలిచాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఫోనులో అడగడం మరిచిపోయిన మాట.

"మావయ్యా, పసుపు తీగకి ముడి అక్కర్లేదంది అత్తయ్య. ఎందుకని?"

ఆయన చూపు మలుపు మీదనే ఉంది.

"అది నాకూ కనపడుతుందమ్మా," అన్నాడు. "వాడికి తెల్లవి వద్దన్నది మంచు ఒక్కదానికే కాదు. ఎవరూ చెప్పకుండా నేను గుర్తుపట్టే రంగది. నా కొడుకు వెళ్ళే దారి, ఒక్కసారైనా, నా కళ్ళతో చూసుకోవాలి కదా."